నాలుగు మార్కులు

ప్రెస్టన్ వీధుల్లో బండ్లకు చీటీలు రాయడం నా ఉద్యోగం.
ఫిషర్‌గేట్ పక్క సందుల్లో నా టోపీ అందరికీ తెలుసు,
పేరు ఎవరికీ తెలీదు.
టైము దాటిన బండి కనిపించగానే రాయకూడదు,
పది నిమిషాలు ఆగాలి.
మా ఆఫీసు కాగితాల్లో దాన్ని గ్రేస్ అంటారు.
కృప అని నేనెప్పుడూ అనువదించుకోలేదు.
వానలో, ఎవరిదో నీలం కారు పక్కన,
గ్రేస్ అయిపోయేదాకా కాపలా ఉంటాను.
పదకొండో నిమిషంలో
చేతిలో మిషను చిన్నగా చీటీ కక్కుతుంది.
మందుల సంచితో ఎవరో పరిగెత్తుకొస్తారు.
చెప్పేదంతా వింటాను.
విన్నాక చీటీ ఇస్తాను.

ఆదివారం రెండింటికి
అద్దెకు తీసుకున్న మెథడిస్టు హాల్లో
మా తెలుగు సహవాసం.
అక్కడా పుస్తకం నాదే.
పేరు, వచ్చిన టైము, దశమభాగం కవరు.
పదకొండేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు.
ఒప్పుకోలు ప్రార్థన ముగిశాక గడప దాటినవాళ్లకు
ఆ వారం ప్రభువు బల్ల లేదు.
ఈ నియమం పెట్టింది నేనే,
పెద్దలు ముగ్గురూ సంతకాలు చేశారు.
"క్రమం లేని చోట దేవుడు నిలవడు" అన్నానప్పుడు.
అది ఏ పత్రికలో ఉందని
ఎవరూ అడగలేదు.

కెజియా రెండూ పన్నెండుకు వచ్చింది.
వృద్ధుల హోములో రాత్రి డ్యూటీ,
పొద్దున రావలసిన మనిషి రాలేదని
మధ్యాహ్నం దాకా మళ్లీ అదే డ్యూటీ.
యూనిఫాం మీదే చున్నీ ముసుగేసుకుంది.
వంగి బూట్లు విప్పుతుంటే
చేతుల్లోంచి సబ్బు వాసన,
సబ్బు కింద ఇంకో వాసన.
గోడ గడియారం చూపించాను.
గడియారాన్ని చూసింది, నన్ను చూసింది,
"సరే అన్నా" అంది.
గొడవ పడుంటే బాగుండేది.
చివరి కుర్చీలో కూర్చుని
పాట రెండో చరణానికే
నోరు తెరుచుకుని నిద్రపోయింది.

రొట్టె చేసేది సువార్తమ్మగారు.
మైదా, నీళ్లు, చిటికెడు ఉప్పు,
డెబ్భై ఆరేళ్ల వణికే చేతులు.
బల్ల తన దాకా వచ్చాక
ముక్క నోట పెట్టుకోకుండా లేచారు.
కర్ర టకటకమంటూ చివరి వరస దాకా నడిచి
ముక్కను రెండుగా విరిచి
నిద్రలో తెరుచుకున్న ఆ అరచేతిలో సగం పెట్టారు.
కెజియా లేవలేదు.
వేళ్లు మాత్రం మూసుకున్నాయి,
పురిటిబిడ్డ వేలు పట్టుకున్నట్టు.

వాక్యం చదివే అబ్బాయి ఆగిపోయాడు.
పెద్దలు ముగ్గురూ నా వైపు తిరిగారు.
నా ఒళ్లో పుస్తకం, పుస్తకంలో పెన్ను.

ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది,
నా భార్యకు కూడా చెప్పనిది.
పదో తరగతి లెక్కలు. నాకొచ్చినవి ముప్పై ఒకటి.
మెమోలో ముప్పై ఐదు, పక్కన చిన్న చుక్క.
ఒకసారి ఆ చుక్క మీద
తెల్ల కాగితం ముక్క అంటించి జిరాక్సు తీయించాను.
ఆ నాలుగూ ఎవరిచ్చారో తెలీదు.
ఏ ఊరి బడిలో, ఏ తిరగని ఫ్యాను కింద కూర్చున్నారో,
నా తప్పులన్నీ ఎర్రగా సున్నా చుట్టాక కూడా
ఏమనుకుని కలిపారో.
ఇంటరు, డిగ్రీ, వీసా, ఈ టోపీ,
అన్నీ ఆ చుక్క మీద నిలబడ్డవే.
మూడు కలిపినా ఫెయిలే.

అయినా నోరు ఊరుకోలేదు.
"సువార్తమ్మగారూ, ఇది క్రమం కాదు" అన్నాను.
చీటీ కక్కే మిషనులా ఉంది నా గొంతు.
ఆమె కోప్పడలేదు.
"పిల్ల పడుకుంది నాయనా,
కాస్త నెమ్మదిగా మాట్లాడు" అన్నారు.

సోమవారం మళ్లీ వానే.
నీలం కారుకు మళ్లీ రాశాను,
అది జీతం, అక్కడ నేను చేయగలిగింది లేదు.
పుస్తకంలో మాత్రం కెజియా పేరు ఎదురుగా
టైము గడి ఇంకా నింపలేదు.
ఖాళీ వదలకూడదని నియమం.
అదీ నేను పెట్టిందే.
రాత్రి మూడుసార్లు పెన్ను ఆనించాను,
అంకె రాలేదు, ఒక చుక్క పడింది.
పెద్దలడిగితే
సిరా కారిందని చెబుతాను.